పేర్లు పలికే కొండలు : కర్గీ రోడ్ పరిసరాలలో మూడు రోజులు

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు సాగే రైలుమార్గంలో సుమారు 30 కిలోమీటర్ల దూరాన కర్గీ రోడ్ అనే స్టేషను ఉన్నది. పసుపుపచ్చని ఫలకం మీద నల్లని అక్షరాలలో ఆ పేరు చదువుకొని దిగిన ప్రయాణికుడు స్టేషను వెలుపలికి వచ్చి, ఇది ఏ ఊరని అడిగితే "కోటా" అన్న సమాధానం వస్తుంది. స్టేషను పేరు ఒకటి, ఊరి పేరు మరొకటి.

మన వారికి ఇది వింత కాదు. శ్రీకాకుళం రోడ్ స్టేషనులో దిగిన వ్యక్తి నిలబడేది ఆమదాలవలసలో. భద్రాచలం రోడ్ అనే స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. ఏ ఊరికి పోదలచినవారు ఎక్కడ రైలు దిగి రోడ్డు పట్టాలో తెలియజేయడానికి నాటి రైల్వే కంపెనీలు ఆ ఊరి పేరుకు 'రోడ్' అనే మాటను తగిలించేవి. ఈ మార్గంలోనే కర్గీ రోడ్ తరువాత సల్కా రోడ్, ఇంకా పైకి పోతే పెండ్రా రోడ్ వస్తాయి. పెండ్రా రోడ్ స్టేషను ఉన్నది గౌరేలా అనే ఊరిలో. దూరం నుంచి వచ్చేవారి సౌకర్యం కోసం పెట్టిన పేరు ఫలకం మీద నిలిచింది. అక్కడే పుట్టి పెరిగినవారు పిలుచుకునే పేరు వారి నాలుక మీద నిలిచింది. ఈ రెండింటి నడుమ ఎంత దూరం ఉన్నదో, ఆ దూరం వల్ల ఎవరికి ఏమి నష్టమో కర్గీ రోడ్ చుట్టుపక్కల మూడు రోజులు తిరిగినప్పుడు కొంత బోధపడింది. ఆ సంగతులను మన పత్రిక పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొండల అంచున ఊరు

మా మేనమామగారు రైల్వేలో ఉద్యోగం చేసి, పదవీ విరమణ అనంతరం బిలాస్‌పూర్‌లోనే స్థిరపడ్డారు. ఛత్తీస్‌గఢీ భాష ఆయనకు తెలుగంత ధారాళంగా వచ్చును. "ఊళ్లు చూడాలంటే కారు కాదురా, కాళ్లు కావాలి" అని ఆయన ముందే హెచ్చరించారు. ఆయన వెంట ఉండబట్టే ఈ ప్రయాణం ఫలవంతమైనది.

బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మించిన బిలాస్‌పూర్–కట్నీ మార్గం 1891లో పూర్తయింది. నేడు ఇది ఆగ్నేయ మధ్య రైల్వేలో భాగం. ఆ జోను ప్రధాన కార్యాలయం బిలాస్‌పూర్‌లోనే ఉన్నది. బిలాస్‌పూర్ దాటిన తరువాత ఉస్లాపూర్, ఘుట్కూ, కల్మీటార్ స్టేషన్ల వరకు రెండు వైపులా వరి పొలాలే. కర్గీ రోడ్ వద్ద మైదానం ముగిసి, వాయవ్య దిక్కున మైకల్ కొండల నీలిరేఖ కానవస్తుంది. అక్కడి నుంచి బేల్‌గహనా, టేంగన్‌మాడా, ఖోంగ్‌సరా మీదుగా రైలు అడవిలోకి ఎక్కుతుంది. భన్వర్‌టోంక్ వద్ద సొరంగం దాటి పెండ్రా పీఠభూమిని చేరుకుంటుంది. ఆ స్టేషను సమీపాన మర్హీమాత ఆలయం ఉన్నది. రైలు కిటికీలో నుంచే చేతులు జోడించే ప్రయాణికులను ఎందరినో చూడవచ్చు.

ఈ స్టేషన్ల పేర్లను నెమ్మదిగా చదవండి. టేంగనా అంటే ఇక్కడి నీళ్లలో దొరికే మీసాల చేప, మన జెల్లకు బంధువు. కోటా పక్కనే పారే వాగు పేరు ఘోంఘా. ఆ మాటకు నత్త అని అర్థం. దానిపై కట్టిన జలాశయానికీ ఆ పేరే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019లో స్వీకరించిన రాష్ట్రగీతం కూడా అరపా, పైరీ అనే రెండు నదుల పేర్లతోనే ఆరంభమవుతుంది. ఆ అరపా నది ఈ కొండల నీటినే కూడగట్టుకొని, బిలాస్‌పూర్ నగరం నడుమ నుంచి పారి శివనాథ్‌లో కలుస్తుంది.

నేలకు నాలుగు పేర్లు

ఊరి పేరు ఒక్కటే పేరు కాదు. ఊరి లోపల, చుట్టూ ఉన్న ప్రతి చెక్కకూ ఒక పేరు ఉంటుంది. మొదట నేల సంగతి చూద్దాం. ఛత్తీస్‌గఢ్ రైతు నేలను నాలుగు తరగతులుగా పిలుస్తాడు. నీటిని పట్టి ఉంచే నల్లని బరువు నేల కన్హార్. పసుపుఛాయ గల తేలిక నేల మటాసీ. ఈ రెండింటి కలయిక డోర్సా. గులకరాళ్లతో, ఎర్రగా, మెరకలో ఉండే చవక నేల భాఠా. వ్యవసాయ శాస్త్రజ్ఞులు సైతం తమ నివేదికలలో ఈ మాటలనే వాడుతున్నారు. ఒక పొలానికి 'భాఠా' అన్న మాట తగిలి ఉన్నదంటే అక్కడ వరి పండించడం కష్టమని తాతముత్తాతలు రాసిపెట్టినట్లే.

తరువాత నీటి సంగతి. వాగు ఒడ్డున ఇసుక తోడితే ఊరే నీటిగుంటను ఇక్కడ ఝిరియా అంటారు. అది మన చెలమయే. నదిలో లోతైన చోటు దహరా, అనగా మడుగు. పొలంలో తవ్విన చిన్న గుంట డబరీ, అనగా కుంట. ఊరి చెరువు తరియా. మెట్టభూమి టికరా, ఏటి ఒడ్డు నేల కఛార్, చిన్న కొండ డోంగ్రీ. ఒకప్పుడు ఊరు ఉండి, జనం లేచిపోయిన స్థలం డీహ్. మన పల్లెలలో పెంకులు, పాత ఇటుకలు దొరికే పాటిదిబ్బ వంటిదన్నమాట. కొన్ని ఊర్ల పేర్లలో ఈ డీహ్ ఇప్పటికీ వినిపిస్తుంది.

వాడలకు పారా అని పేరు. పై వాడ ఉపర్‌పారా, కింది వాడ ఖాల్హేపారా, బడి ఉన్న వాడ స్కూల్‌పారా. ఒకే పేరు గల రెండు ఊర్లు పక్కపక్కన ఉంటే పెద్దదానికి కలాఁ, చిన్నదానికి ఖుర్ద్ అని ఫారసీ మాటలను తగిలించారు. మన పెదవాల్తేరు, చినవాల్తేరు జ్ఞప్తికి రావడం లేదా?

చెట్ల పేర్లు సరేసరి. మహువా అంటే ఇప్ప, తేందూ అంటే తునికి, పర్సా అంటే మోదుగ, సేమర్ అంటే బూరుగ, సరయీ అంటే సాలవృక్షం. ఏ చెట్టు పేరు ఏ తావుకు పెట్టారో చూస్తే, నేడు బోడిగా కనిపించే మెట్ట మీద ఒకప్పుడు ఏ అడవి ఉండేదో ఊహించవచ్చు.

మరొక సంగతి తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. ఇక్కడి గోండులలో అధికులు నేడు ఛత్తీస్‌గఢీ మాట్లాడుతున్నా, వారి పూర్వభాష గోండి మన భాషకు సోదరి. గోండిలో నీటిని ఏర్ అంటారు. మనకు ఏరు ఉన్నది. వారికి మెట్టా అంటే కొండ. మనకు మెట్ట ఉన్నది. వింధ్య సాత్పురాల దాపున, హిందీ బోర్డుల నడుమ, మన ఇంటి మాట ఎదురైతే కలిగే ఆనందం అనుభవించి తెలుసుకోవలసినదే.

చెవికి వినబడినదెల్లా అర్థం కాదు

అయితే ఆ ఆనందంలోనే ఒక ప్రమాదం పొంచి ఉన్నది. 'కోటా' అనగానే తెలుగువాని చెవికి దుర్గం గుర్తుకు వస్తుంది. ఇదే మార్గంలో ఇంకా పైన, మధ్యప్రదేశ్ సరిహద్దు దాటగానే వెంకట్‌నగర్ అనే స్టేషను కూడా ఉన్నది. ఆ బోర్డు చూచి, ఇక్కడికి మనవాళ్లు ఎప్పుడు వచ్చారని ఆశ్చర్యపడని తెలుగు ప్రయాణికుడు ఉండడు. ఛత్తీస్‌గఢ్ రైతులు వరిచేలలో తనంతట మొలిచే అడవి వరిని కర్గా అంటారు. కర్గీ అన్న ఊరి పేరుకూ దానికీ ముడిపెట్టాలని ఎవరికైనా తోస్తుంది. ధ్వని కలిసినంత మాత్రాన అర్థం కలిసినట్లు కాదు. అది వెదకవలసిన దారిని చూపుతుందే కాని గమ్యాన్ని చేర్చదు.

ఊరి జనం కూడా పేరుకు కథలు అల్లుతారు. కోటా మీదుగా వెళ్లే అచానక్‌మార్ అడవికి ఆ పేరు అక్కడి ఒక అటవీ గ్రామం నుంచి వచ్చింది. ఒక ఆంగ్లేయుని పెద్దపులి 'అచానక్', అనగా అకస్మాత్తుగా, చంపిందని, అందుచేత ఆ పేరు కలిగిందని చెబుతారు. బిలాస్‌పూర్‌కు ఆ పేరు బిలాసా అనే బెస్త వనిత వల్ల వచ్చిందని మరొక గాథ. అక్కడి విమానాశ్రయానికి ఆమె పేరే పెట్టారు. ఈ గాథలను కొట్టిపారేయరాదు. జనం తమ నేలను గురించి ఏమి తలచుకుంటున్నారో అవి చెబుతాయి. కాని వాటిని గాథలుగానే రాసుకోవాలి.

రుజువు ఎట్లా ఉంటుందో చూడాలంటే కోటాకు సమీపంలోనే ఉన్న రతన్‌పూర్‌కు వెళ్లాలి. కలచురి రాజుల ప్రాచీన రాజధాని అది. మహామాయ ఆలయం, ఎటు చూచినా చెరువులు. మొదటి జాజల్లదేవుని రతన్‌పూర్ శిలాశాసనం కలచురి సంవత్సరం 866 నాటిది, అనగా క్రీ.శ. 1114. రత్నరాజు అనే రాజు రత్నపురాన్ని తీర్చిదిద్దినట్లు ఆ శాసనం తెలుపుతున్నది. శాసనాలను చదివి గ్రంథస్థం చేసిన వాసుదేవ విష్ణు మిరాశీ వంటి పండితుల కృషి వల్ల రత్నపురమే రతన్‌పూర్ అని మనం నిస్సంకోచంగా చెప్పగలుగుతున్నాము. రాజధానికి రాతి సాక్ష్యం దొరికింది. చెలమకు, మెట్టకు, వాగు మలుపుకు ఆ భాగ్యం లేదు. వాటికి ఉన్నది ముసలివారి జ్ఞాపకమొక్కటే.

పేరే సరిహద్దు రాయి

రెండవనాడు అడవి అంచున ఉన్న ఒక చిన్న పల్లెకు వెళ్లాము. అక్కడి పెద్ద ఒకరు, వయసు డెబ్బై దాటి ఉంటుంది, మా వెంట వాగు దాకా వచ్చారు. మామయ్యగారు ఆయనను "కకా" అని, అనగా చిన్నాయనా అని సంబోధించారు. నేను సర్వే పటం నకలు ఒకటి తీసి చూపాను. అందులో ఆ వాగుకు నీలిగీత ఉన్నది కాని పేరు లేదు. ఆ సంగతి మామయ్యగారు చెప్పగానే వృద్ధుడు నవ్వి, నాలుగడుగులకు ఒక పేరు చొప్పున చెప్పుకుంటూ పోయారు. పశువులు నీరు తాగే రేవుకు ఒక పేరు, బట్టలు ఉతికే బండకు ఒకటి, ఠాకుర్‌దేవ్ కొలువున్న చెట్ల గుంపుకు ఒకటి, దహనం తరువాత స్నానం చేసే మడుగుకు మరొకటి. అర కిలోమీటరు దూరంలో పదకొండు పేర్లు రాసుకున్నాను.

"ఇన్ని పేర్లు ఎందుకు, కకా?" అని మామయ్యగారు అడిగారు.

"పేరు లేకపోతే, నీళ్లకు వెళ్లిన పిల్ల పొద్దుగూకినా రాకుంటే ఎక్కడని వెదుకుతాం, బాబూ?" అన్నారాయన.

అంతకంటె గట్టి సమాధానం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు. కాని ఈ పేర్ల వల్ల ప్రయోజనం అంతటితో తీరదు. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టాన్ని చేసింది. 2008 నుంచి దాని నియమాలు అమలులోకి వచ్చాయి. 2012లో వాటిని సవరించారు. ఊరంతా కలిసి అనుభవిస్తున్న అడవిపై సామూహిక హక్కు కోరాలంటే గ్రామసభ తన సంప్రదాయ సరిహద్దును చెప్పాలి. ఏ గుట్ట మొదలు ఏ వాగు దాకా, ఏ ఊరి పొలిమేర దాకా అన్నది పటంతో సహా చూపాలి. పెద్దల వాఙ్మూలాన్ని సాక్ష్యంగా స్వీకరించే వీలు ఆ నియమాలలోనే ఉన్నది. అటవీశాఖ లెక్కలో ఆ అడవి ఒక కంపార్ట్‌మెంట్ నంబరు. రెవిన్యూ లెక్కలో ఖస్రా నంబరు. గ్రామస్థుని లెక్కలో అది ఫలానా డోంగ్రీ, ఫలానా ఝిరియా. ఈ మూడూ ఒకే తావు అని పక్కపక్కన పెట్టి చూపగలిగిన నాడే దరఖాస్తుకు బలం. చెప్పగల వృద్ధుడు కన్నుమూస్తే ఆ సరిహద్దు రాయి పెకలించినట్లే.

అచానక్‌మార్ అడవి 1975లో అభయారణ్యమైనది, 2009లో పులుల సంరక్షణ కేంద్రమైనది. అదే సంవత్సరం లోపలి అడవిలోని ఆరు గ్రామాల ప్రజలను వెలుపలికి తరలించారు. వారిలో అధికులు బైగాలు. ఆ గ్రామాలు జల్దా, కూబా, సాంభర్‌ధసాన్, బోక్‌రాకఛార్, బాంకల్, బహౌద్. పులికి చోటు కావాలి, కాదనలేము. తరలిన జనానికి ఇళ్లు, పొలాలు కావాలి, అదీ కాదనలేము. ఆ పేర్లను మాత్రం ఒకసారి వినండి. ధసాన్ అంటే దిగబడే ఊబి నేల. సాంభర్ అంటే కణుజు. బోక్‌రా అంటే మేకపోతు, కఛార్ అంటే ఏటి ఒడ్డు నేల. ఎక్కడ మృగం దిగబడుతుందో, ఎక్కడ మేకలకు మేత దొరుకుతుందో ఆ పేర్లే చెబుతున్నాయి. ఊరి పేర్లు ప్రభుత్వ పత్రాలలో నిలుస్తాయి. ఆ ఊర్ల చుట్టూ ఉన్న వందలాది చిన్న పేర్లు ఏ పత్రంలోనూ లేవు. వాటిని పలికే నోళ్లు ఇప్పుడు ఆ తావులకు దూరంగా ఉన్నాయి. పిల్లలకు చెబుదామన్నా వేలు పెట్టి చూపడానికి వాగు ఎదుట లేదు.

రాసుకునే పద్ధతి

ఈ పనిని శ్రద్ధగా చేసినవారు ప్రపంచంలో లేకపోలేదు. 19వ శతాబ్దిలో బ్రిటిష్ దీవులలో సర్వే జరిపినప్పుడు ఒక్కొక్క గ్రామఖండానికి పేర్ల పుస్తకాలు రాయించారు. పేరు, దానిని ఎన్ని విధాల రాస్తున్నారు, ఎవరు చెప్పారు, ఆ స్థలం ఎటువంటిది అన్న వివరాలు వాటిలో ఉండేవి. ఐర్లండ్‌లో 1830 నుంచి జాన్ ఓ డోనవన్ అనే పండితుడు ఊరూరా తిరిగి, ఐరిష్ పేర్లను వృద్ధుల నోట విని పరిష్కరించాడు. అయినా పటం మీదికి ఎక్కినవి ఆంగ్లీకరించిన రూపాలే. మూలరూపాలు ఆయన పుస్తకాలలో ఉండబట్టి నేటి ఐర్లండ్ వాటిని తిరిగి వెలికి తీయగలుగుతున్నది. ఐక్యరాజ్యసమితి 1959లో భౌగోళిక నామాల కోసం నిపుణుల బృందాన్ని ఏర్పరచింది. మన తెలుగునాట ఆచార్య కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊర్ల పేర్లపై పరిశోధన చేసి దారి చూపారు. బిలాస్‌పూర్ జిల్లాకు 1910లో నెల్సన్ సంపాదకత్వంలో వెలువడిన గెజెటీర్ ఉన్నది. పట్వారీ వద్ద గ్రామపటం ఉన్నది. లేనిదల్లా వీటికీ వృద్ధుల మాటకూ వంతెన.

మూడవనాటి సాయంకాలం మామయ్యగారి ఇంట కూర్చొని, మేము రాసుకున్న పేర్లను ఒక వరుసలో పెట్టాము. ఆ అనుభవం మీద కొన్ని సూచనలు చేయవచ్చును. మొదటిది, పేరును విన్నది విన్నట్లు ఆ ఊరి ఉచ్చారణలోనే రాయాలి. తెలుగు, నాగరి లిపులలో దీర్ఘాలు, మూర్ధన్యాక్షరాలు చక్కగా పలుకుతాయి. ఆంగ్ల అక్షరాలలో రాస్తే డ, ద ఒకటైపోతాయి. రెండవది, చెప్పినవారి వయసు, వారి వాడ, తేదీ రాయాలి. మూడవది, ఒకే చోటుకు ఇద్దరు రెండు పేర్లు చెబితే రెండూ రాయాలి. తీర్పు చెప్పే అధికారం మనది కాదు. స్త్రీలను తప్పక అడగాలి. పశువుల దారులు పురుషులకు తెలిస్తే, చెలమలూ కందమూలాలు దొరికే చోట్లూ స్త్రీలకే ఎక్కువ తెలుసు. నాలుగవది, అర్థాన్ని వేరుగా, గాథను వేరుగా రాయాలి. చివరిది, ఒక ప్రతిని ఆ ఊరికి తిరిగి ఇవ్వాలి. పేర్లు వారి సొత్తు.

ఇది మనకెందుకని ఎవరైనా అడుగవచ్చు. మన వంటి ప్రభుత్వరంగ సంస్థల కర్మాగారాలు, గనులు, నివాస కాలనీలు వెలసిన నేల అంతా ఒకప్పుడు ఎవరో పేరు పెట్టి పిలుచుకున్నదే. సెక్టారు నంబర్లూ క్వార్టర్ల నంబర్లూ రాకముందు అక్కడ కుంటలు, మెట్టలు, గెడ్డలు ఉండేవి. విశాఖ ఉక్కు కర్మాగారం తన నివాసప్రాంతానికి ఉక్కునగరం అని చక్కని తెలుగు పేరు పెట్టుకున్నది. అటువంటి కొత్త పేర్లు మనకు గర్వకారణమే. వాటి కింద ఉన్న పాత పేర్లను కూడా ఒక పుస్తకంలో ఎక్కించి ఉంచితే, భూమి ఇచ్చినవారి ఋణం కొంతైనా తీర్చినవారమవుతాము. కాలనీ పక్క పల్లెలలో ఆ పేర్లు చెప్పగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. మన పిల్లలు వేసవి సెలవులలో ఒక నోటు పుస్తకంతో వారి వద్దకు వెళ్లవచ్చు. దీనికి ఖర్చు లేదు, అనుమతులు అక్కరలేదు. కావలసినది ఓపిక ఒక్కటే.

కర్గీ రోడ్ చూడదలచినవారికి రెండు మాటలు. విశాఖ వైపు నుంచి విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా బిలాస్‌పూర్ చేరి, అక్కడి నుంచి రైలులోగాని రోడ్డు మీదగాని కోటాకు వెళ్లవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. వానాకాలంలో పులుల అడవి మూసి ఉంటుంది. రతన్‌పూర్ ఆలయం, ఘోంఘా జలాశయం, అచానక్‌మార్ అడవి, వీలుంటే నర్మద పుట్టిన అమర్‌కంటక్ చూడవచ్చు. దారిలో ఏదైనా వాగు దగ్గర ఆగినప్పుడు, అక్కడ ఎదురైన వారిని ఆ వాగు పేరేమిటని అడగండి. వారు చెబుతారు. విని, మరచిపోకముందే రాసుకోండి.